హస్తవైద్యుడు పాల్ బ్రాండుగారి చరిత్రము

గత సంవత్సరము మన పాఠశాలలో చదువు బాలుడొకడు గౌలిగూడ సందులో బంతియాట యాడుచు, మీదినుండి వచ్చు బంతిని పట్టబోయి, కుడిచేతి నడిమివ్రేలి కొనకు దెబ్బ తగిలించుకొనెను. రక్తము కారలేదు. కొంచెము వాపు వచ్చి రెండు దినములలో తీసెను. నొప్పియు నంతగా లేదు. కావున వాడు ఇంటిలో తల్లికిగాని, బడిలో మాకుగాని చెప్పక యూరకుండెను. పది దినములు గడచిన పిమ్మట వ్రాతపరీక్షలో వాడు కలము పట్టిన తీరు వింతగా నుండుటచే, చేయి చాపుమని యడిగితిమి. తక్కిన వ్రేళ్లన్నియు తిన్నగా చాచెను. నడిమివ్రేలి కొనకణుపు మాత్రము చిలుకముక్కువలె క్రిందికి వ్రాలియుండెను. రెండవచేతితో నెత్తిన లేచును. విడిచిన మరల వ్రాలును.

మేము వానిని వెంటబెట్టుకొని వైద్యుని యొద్దకు పోతిమి. వైద్యుడు వ్రేలిని తిన్నగా నిలిపి చిన్న బద్ద కట్టి, ఎనిమిది వారములవరకు స్నానమునందును నిద్రయందును గూడ వ్రేలి కొనను వంగనీయరాదనియు, ఒక్కసారి వంగినను లెక్క మొదటికి వచ్చుననియు చెప్పెను. నొప్పి లేనిదానికి ఇంత కట్టు ఏల యని బాలుడు త్రోవపొడుగున గొణుగుచునే యుండెను. ఆ గొణుగుడు వినుచుండగా మాకు డాక్టరు పాల్ బ్రాండుగారు జ్ఞప్తికి వచ్చిరి. నొప్పి లేకపోవుటకంటె గొప్ప యాపద మనుష్యశరీరమునకు మరియొకటి లేదని జీవితమంతయు చూపినవారు వారు. వంగిపోయిన వ్రేళ్లను మరల చాచుటకు మార్గము వెదకినవారును వారే. అందుచే ఈ సంచికకు వారి చరిత్రమును వ్రాయ సంకల్పించితిమి.

చరిత్రములోనికి పోవుటకు ముందు వ్రేలి నిర్మాణమును గూర్చి కొంచెము చెప్పక తప్పదు. మన వాడుకలో రక్తము ప్రవహించు నాళమును నరమే. స్పర్శను మెదడునకు తెలుపు తంతువును నరమే. కండరమును ఎముకకు కట్టియుంచు తెల్లని త్రాడును నరమే. చేయి తెగిన ప్రతివాడును నరము తెగినదనును. ఏది తెగినదో వైద్యుడు వెదకికొనవలెను. ఈ త్రాటికి స్నాయువని పేరు. వ్రేళ్లలో కండరములు లేవు. వ్రేళ్లను కదలించు బలమైన కండరములు ముంజేతిలో నున్నవి. అవి దూరమునుండి స్నాయువులను లాగగా, దారములు లాగిన బొమ్మవలె వ్రేళ్లు ఆడును. అరచేతివైపు స్నాయువులు వ్రేలిని వంచును, వెనుకవైపువి చాచును. వెనుకవైపు స్నాయువు వ్రేలి కొనకు వచ్చుసరికి పలుచని పట్టీవలె మారి, చివరి యెముక మొదట అంటుకొనును. అది కదలు దూరము కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే. బంతి వ్రేలికొనను హఠాత్తుగా వంచినప్పుడు తెగునది ఈ పట్టీయే. ఒక్కొక్కప్పుడు చిన్న యెముకముక్కను గూడ ఊడదీసికొని వచ్చును. గాయము మూసియున్నయెడల చాలవరకు బద్దయే చాలును. రేకు అంచుచేతనో, గాజుపెంకుచేతనో పైచర్మముతో గూడ తెగినప్పుడును, ఊడిన యెముకముక్క పెద్దదై కీలు తప్పినప్పుడును శస్త్రచికిత్స కావలసివచ్చును. తెగిన కొనలను సన్నని దారముతో కుట్టి, కీలు కదలకుండ సన్నని తీగను ఎముకలలోనుండి దూర్చి కొన్ని వారములు ఉంచుదురు.

ఇంకొక సంగతి గలదు. అరచేతిలోపల చిన్నచిన్న కండరములు కొన్ని యున్నవి. వాని స్నాయువులు వ్రేలికి రెండు ప్రక్కలనుండి పైకి పోయి, వెనుకవైపు పట్టీతో కలిసికొనును. ఇవి వ్రేలి మొదటి కణుపును వంచి, తక్కిన రెండు కణుపులను చాచును. అన్నము కలిపి ముద్ద చేయుట, కలము పట్టుట, గుండీ పెట్టుకొనుట వీని పని. ఈ చిన్న కండరములు చచ్చిన యెడల మొదటి కణుపు వెనుకకు విరిగినట్లై, తక్కిన రెండును లోపలికి ముడుచుకొని, చేయి డేగగోరువలె నగును. కుష్ఠువ్యాధిచేత మన దేశములో లెక్కలేనంతమందికి కలిగిన దురవస్థ యిదియే. బ్రాండుగారు తమ పనితనము చూపినది యిచ్చటనే.

పాల్ విల్సన్ బ్రాండుగారు 1914వ సంవత్సరము జూలై 17వ తేదీన దక్షిణదేశమున సేలమునకు ఆగ్నేయముననున్న కొల్లిమలలలో జన్మించిరి. తండ్రి జెస్సీ బ్రాండు, తల్లి ఎవలిన్. వారు బాప్టిస్టు మిషనరీలు. ఆ కొండలలో మలేరియా యెక్కువ. బయటివారు అచ్చట రాత్రి నిలుచుటకే భయపడుచుండిరి. జెస్సీగారు పట్టభద్రుడైన వైద్యుడు కాడు. లండనులో లివింగ్‌స్టన్ కళాశాలయందు ఒక సంవత్సరము మాత్రము వైద్యము నేర్చుకొని వచ్చినవాడు. అయినను ఇండ్లు కట్టుట, పండ్లు పీకుట, కురుపులు కోయుట, సువార్త చెప్పుట అన్నియు ఆయనయే చేయుచుండెను. పిల్లవాడైన పాల్‌కు చదువు చెప్పినది తల్లి. గదిలో కూర్చుండలేని ఆ బాలుడు పనసచెట్టు నెక్కి కొమ్మమీద లెక్కలు చేసి, కాగితమును త్రాటితో క్రిందికి దింపగా తల్లి దిద్ది మరల పైకి పంపుచుండెనట! మన పాఠశాలలో నిట్టి పద్ధతికి అనుమతి దొరకదని విద్యార్థులు గుర్తింపవలెను. చీమల పుట్టలను, గిజిగాని గూళ్లను చూపి, ప్రతి ప్రాణి పనితీరును గమనించుట నేర్పినవాడు తండ్రి.

అయితే ఆ బాలునికి వైద్యమన్న రోత. తండ్రి కురుపులు కోయునప్పుడు కారు చీమును రక్తమును చూచి, తానెన్నడును వైద్యుడను కారాదని నిశ్చయించుకొనెను. ఒకనాడు ముగ్గురు కుష్ఠరోగులు కొండనెక్కి వారి యింటికి వచ్చిరి. తండ్రి పిల్లలను లోపలికి పొమ్మని, చేతులకు తొడుగులు వేసికొని వారి పుండ్లు కడిగి కట్లు కట్టెను. వారు కూర్చుండిన చోట ఆడుకొనవద్దని పిల్లలకు ఆజ్ఞ యయ్యెను. ఎట్టి రోగినైనను భయములేక ముట్టు తండ్రి, ఆనాడు తొడుగులు వేసికొనుట పాల్ మనస్సులో చాలకాలము నిలిచిపోయెను.

1923వ సంవత్సరమున, తొమ్మిదియేండ్ల ప్రాయమున, పాల్‌ను చెల్లెలు కానీని చదువునకై లండనులో తల్లి తోబుట్టువుల యింట విడిచి తల్లిదండ్రులు కొండలకు మరలివచ్చిరి. ఆనాటి మిషనరీ కుటుంబములలో నిది సర్వసాధారణము. సాధారణమైనంతమాత్రమున తేలిక కాదు. మన పాఠశాల వసతిగృహములో పిల్లలను దింపి వెనుదిరుగు తల్లుల ముఖములను ఏటేట చూచు మాకు, ఆరువేల మైళ్ల యెడబాటు ఎట్టిదో ఊహించుట కష్టము కాదు. తండ్రి వారమువారము జాబులు వ్రాయుచు కొండలలోని చెట్లను, పక్షులను వర్ణించుచుండెను. 1929వ సంవత్సరము జూన్ నెలలో మలేరియా వికటించి జెస్సీగారు నలుబదినాలుగేండ్లకే చనిపోయిరి. తంతివార్త వెంటనే లండను చేరెను. జాబులు ఓడమీద వచ్చునవి గనుక, తండ్రి మృతినొందెనని తెలిసిన తరువాతను కొన్ని వారములు ఆయన జాబులు కుమారునికి అందుచునే యుండెను. పాల్‌కు అప్పటికి పదునైదేండ్లు నిండలేదు.

చదువు చాలించి ఆ యువకుడు, తండ్రివలె తానును ఇండియాలో ఇండ్లు కట్టుదునని తలంచి, అయిదేండ్లు వడ్రంగము, తాపీపని నేర్చుకొనెను. బంధువొకడు వైద్యవిద్యకు ద్రవ్యసహాయము చేయుదునన్నను ఒప్పుకొనలేదు. ఆ యైదేండ్లు వ్యర్థమైనవని ఎవరైన తలంతురేమో. ఉలిని పట్టుట, కొయ్య నారను చూచుట, అతుకు బలమును లెక్కించుట నేర్చిన చేతులే తరువాత స్నాయువులను కుట్టినవి. పిమ్మట మిషనరీ పనికి సిద్ధపాటుగా, తండ్రి చదివిన లివింగ్‌స్టన్ కళాశాలలోనే ఒక సంవత్సరము వైద్యపాఠములు వినెను. అప్పుడొకరాత్రి ఆసుపత్రికి తెల్లగా పాలిపోయి ప్రాణములు పోవుచున్నట్లున్న యువతి నొకతెను తెచ్చిరి. నర్సు రక్తము తెచ్చి సీసాను వ్రేలాడదీసెను. పాల్ నాడి పట్టుకొని నిలిచియుండగా, తెలియరానంత సన్నముగా నొక కొట్టు తగిలెను; తరువాత మరియొకటి; పెదవులకు రంగు వచ్చెను; ఆమె కన్నులు తెరచి నీళ్లడిగెను. రక్తమన్న రోతపడిన యువకునికి రక్తమే ఆ రాత్రి మనస్సును మార్చివేసెను. 1937వ సంవత్సరమున లండనులోని యూనివర్సిటీ కాలేజి ఆసుపత్రి విద్యాలయమున చేరెను. అచ్చట తోడిచదువరియైన మార్గరెట్ బెర్రీ దొరసానిని 1943వ సంవత్సరమున వివాహమాడెను. యుద్ధకాలమున లండనుమీద బాంబులు పడుచుండగా గాయపడినవారికి చేసిన సేవయే ఆయనకు శస్త్రవైద్యమున తొలి శిక్షణ.

రాబర్టు కాక్రేనుగారను కుష్ఠువైద్య నిపుణుని పిలుపున బ్రాండుగారు 1946వ సంవత్సరము చివర ఇండియాకు మరలివచ్చి, రాయవేలూరిలోని క్రిస్టియన్ మెడికల్ కాలేజిలో శస్త్రవైద్యబోధకులైరి. ఐడా స్కడ్డరుగారు 1900వ సంవత్సరమున ఒకే మంచముతో ప్రారంభించిన వైద్యసేవ పెరిగి ఆ కళాశాల యైనది. చిత్తూరు సీమకు చేరువనున్నది గనుక అచ్చటి వరండాలలో తమిళముతోపాటు తెలుగును వినబడుచుండును; మన యాంధ్ర తెలంగాణములనుండి అచ్చటికి పోని యూరు లేదనినను అతిశయోక్తి కాదు.

1947వ సంవత్సరమున కాక్రేనుగారు వారిని చెంగల్పట్టు కుష్ఠరోగుల ఆశ్రమమునకు తీసికొనిపోయిరి. కాక్రేనుగారు రోగుల చర్మమును చూపుచు మచ్చలను గూర్చి చెప్పుచుండగా, బ్రాండుగారి చూపు రోగుల చేతులమీదనే యుండెను. ఎటు చూచినను ముడుచుకొనిపోయిన వ్రేళ్లు, మొండిచేతులు. ఎముకల వైద్యులు ఈ చేతులకు ఏమి చేయుచున్నారని బ్రాండుగారు అడిగిరి. ఎవ్వరును ఏమియు చేయలేదని కాక్రేనుగారు చెప్పిరి. పోలియోచేత పడిపోయిన చేతులకు, యుద్ధములో తెగిన చేతులకు ఎందరో నిపుణులుండగా, ఇన్ని లక్షల చేతులకు ఒక్క శస్త్రవైద్యుడును లేడు! బ్రాండుగారు దారిలో కూర్చున్న యొక యువకుని చేయి పట్టుకొని, తన చేతిని గట్టిగా పిసుకుమనిరి. చచ్చిన చేతిలో బలమేమి యుండునని వారి తలంపు. ఆ యువకుడు పిసుకగా గోళ్లు చర్మములో దిగి బ్రాండుగారు కేకవేయవలసివచ్చెను. బాధ వారికి, ఆనందమును వారికే. చేయి చావలేదు! ముంజేతి కండరములు బలముగా నున్నవి. చచ్చినవి కొన్ని మాత్రమే. బ్రదికియున్నదానిని తెచ్చి చచ్చినదాని స్థానమున నిలుపవచ్చును గదా.

ఏ కండరములు చచ్చును, ఏవి నిలుచును అని తెలియుటకు వారును సహాయులును వందలకొలది చేతులను పరీక్షించి కొలతలు వ్రాసికొనిరి. ఒక రాత్రి చెంగల్పట్టులో రోగి యొకడు చనిపోగా, తెల్లవారకమునుపే దహనము జరుగవలసియుండుటచే, లాంతరు వెలుతురున ఆ దేహమునందలి స్పర్శతంతువులను మొదటినుండి చివరవరకు విప్పి చూచిరి. మోచేతియొద్ద, మణికట్టుపైన, మోకాలియొద్ద, అనగా తంతువు చర్మమునకు దగ్గరగా వచ్చు చోట్ల మాత్రమే అది వాచి యుండెను. లోతుగా నున్న చోట్ల చక్కగా నుండెను. దేహములో చల్లగానుండు భాగములే ఈ రోగక్రిమికి ఇష్టమైన నివాసములు. దీనినిబట్టి ఒక గొప్ప ఫలితము దొరికెను. ముంజేతి పైభాగమున కండరములకు పోవు తంతువులు చెడవు గనుక, ఆ కండరములను అరువు తెచ్చుకొన్నయెడల అవి తరువాత మోసము చేయవు.

కాలేజి ఆసుపత్రిలో కుష్ఠరోగికి మంచమిచ్చుట ఆ కాలమున తేలిక కాదు. ఇతర రోగులు లేచిపోదురని కొందరి భయము. పుండ్లు మానని యీ రోగులకు శస్త్రచికిత్స చేసిన కోత యెన్నటికిని మానదని మరికొందరి నమ్మకము. వైద్యులలోనే యిట్టి భయముండగా పామరులను ఏమనగలము? అయినను 1948వ సంవత్సరమున మొదటి శస్త్రచికిత్సలు జరిగెను. పోగొట్టుకొనుటకు మిగిలినది ఏమియు లేని రోగులే ముందుగా ఒప్పుకొనిరి. కోతలు ఇతరుల కోతలవలెనే మానెను.

ఆ శస్త్రచికిత్స విధానము ఇట్టిది. ప్రతి వ్రేలిని వంచుటకు రెండేసి స్నాయువులు గలవు. ఒకటి పోయినను రెండవది పని జరుపును. కావున ఒక వ్రేలినుండి ఒక స్నాయువును ఊడదీసి, దానిని నాలుగు పాయలుగా చీల్చి, ఒక్కొక్క పాయను అరచేతిలోనుండి ఒక్కొక్క వ్రేలి ప్రక్కగా నడిపి, వెనుకవైపు చాచు పట్టీకి కుట్టుదురు. అమెరికాలో స్టెర్లింగ్ బన్నెల్‌గారు ఇతర పక్షవాతములకు వాడిన పద్ధతిని బ్రాండుగారు ఈ చేతులకు తెచ్చిరి. తరువాత దానితో తృప్తిపడక, మణికట్టును వెనుకకెత్తు కండరములలో నొకదానిని తీసికొని, పొడవు చాలనందున కాలిపిక్కలోని పెద్దగా నుపయోగములేని సన్నని స్నాయువును అతికి, నాలుగు తోకలుగా చేసి వ్రేళ్లకు చేర్చు మార్గమును కనిపెట్టిరి. పాయలను ఎంత బిగువుగా కుట్టవలెననుటలోనే అంతయు నున్నది. వదులైన వ్రేలు లేవదు; బిగువైన వ్రేలు వంగదు. కొయ్యలో అతుకు కూర్చిన చేతులు ఇక్కడ పనికివచ్చినవని మా యూహ.

మూడు వారములు పట్టీలో నుంచి విప్పిన తరువాత అసలు పని మొదలగును. నిన్నటివరకు వ్రేలిని వంచిన కండరము నేడు చాచవలెను. మెదడునకు ఆ సంగతి తెలియదు. వంచవలెనని తలంచిన వ్రేలు చాచుకొనును! రోగి తన చేతిని తానే ఆశ్చర్యముతో చూచుచు, పసిబిడ్డవలె దినదినము క్రొత్తగా నేర్చుకొనవలెను. కొన్ని నెలలకు చేతితో అన్నము కలుపుకొని నోటికి తెచ్చుకొను దినము వచ్చును. మన దేశమున అన్నపుముద్దను చేతితో ఎత్తలేనివాడు పంక్తిలో కూర్చుండలేడు. ఈ దేశమున పుట్టిన బ్రాండుగారికి ఈ సంగతి యొకరు చెప్పవలసినది కాదు.

అయితే అంతటితో సమస్త మానందమైనదనుకొనరాదు. చేతులు బాగై వెళ్లినవారిలో కొందరు మరల వచ్చి, తమ గతి మునుపటికంటె చెడినదని మొరపెట్టుకొనిరి. వంకరచేతులను చూచి జనులు కాసులు వేయుచుండిరి. ఇప్పుడు చేతులు చక్కగా నున్నవి, బిచ్చము పుట్టదు. ముఖముమీద మచ్చలున్నవి, పని యెవ్వరు నీయరు, ఇల్లు అద్దెకు దొరకదు. శస్త్రవైద్యుని పని కోతతో ముగియదని బ్రాండుగారికి ఈ మొర నేర్పెను. ఎందరో వైద్యులు దీనిని కృతఘ్నతగా నెంచి కోపగించుకొనియుందురు. వారు అట్లు చేయక, 1951వ సంవత్సరమున కాలేజి తోటలో కొన్ని గుడిసెలు వేయించి నవజీవనిలయమని పేరుపెట్టి, వడ్రంగము మొదలైన పనులు నేర్పింపసాగిరి. ఉలి పట్టు విధమును తామే చూపుచుండిరి. రోగులు చేసిన కొయ్యబొమ్మలు అమ్ముడుపోయెను.

ఆ వడ్రంగశాలలోనే రెండవ గొప్ప సంగతి బయటపడెను. కుష్ఠువ్యాధి వ్రేళ్లను తినివేయునని, అవి కుళ్లి తమంతట తామే రాలిపోవునని వేలయేండ్లుగా లోకుల నమ్మకము. వైద్యులును అట్లే నమ్మిరి. ఒకనాడు కొట్టుగది తాళము త్రుప్పుపట్టి బ్రాండుగారికి తిరుగకపోగా, బాలుడొకడు వచ్చి తాళపుచెవిని ఒక్క త్రిప్పున త్రిప్పివేసెను. ఇంత బలమెక్కడిదని చూడగా, నేలమీద రక్తపుబొట్లు కనబడెను. బాలుని వ్రేలు ఎముకవరకు తెగియుండెను. వానికి తెలియనే తెలియదు. నొప్పి తెలిసినవాడు చర్మము తెగకమునుపే చేయి తీయును. అప్పటినుండి ప్రతి సాయంకాలము అందరి చేతులను పరీక్షించి, ఏ బొబ్బ ఏ పనిచేత వచ్చెనో వెదకిరి. కాలిన బొబ్బ వేడిగిన్నెవలన. కోత సుత్తిపిడి పగులువలన. కొన్ని గాయములకు మాత్రము కారణము దొరకలేదు. రాత్రి పడుకొన్నప్పుడు చక్కగా నున్న వ్రేలు ఉదయమునకు ముక్క పోయియుండెను. ఒకరు రాత్రియంతయు మేలుకొని కాపుండగా ఎలుక వచ్చి స్పర్శలేని వ్రేలిని కొరుకుచుండెను. ఆనాటినుండి నవజీవనిలయము వదలి పోవు ప్రతివానికి ఒక పిల్లిని ఇచ్చి పంపు ఆచారము ఏర్పడెను. వినుటకు నవ్వు వచ్చును గాని, ఆ పిల్లులు కాపాడిన వ్రేళ్లు ఎన్నో! వ్రేళ్లు పోవుట వ్యాధిచేత కాదు, నొప్పి తెలియక కలుగు గాయములచేత నని ఈ విధముగా స్థిరపడెను. స్నాయువును మార్చి కుట్టవచ్చును; పోయిన స్పర్శను తెచ్చి కుట్టుటకు ఏ శస్త్రవైద్యునికిని సాధ్యము కాలేదు. అందుచే తమ వ్రేళ్లను కన్నులతో కాపాడుకొనుట రోగులకు నేర్పిరి. పాదములకు మెత్తని రబ్బరు చెప్పులు చేయించిరి. మార్గరెట్ దొరసానిగారు ఇట్లే ఆ రోగుల కన్నులను కాపాడు పనిలో ప్రసిద్ధి కెక్కిరి.

ఇచ్చట మన సీమను గూర్చి ఒకమాట. బ్రాండుగారికి చాల ముందే, నిజామాబాదు చెంతనున్న డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ దొరసానిగారును భర్తయైన జార్జి కెర్‌గారును 1915వ సంవత్సరమున కుష్ఠరోగుల ఆసుపత్రి కట్టనారంభించి, నరసాగౌడుగారి ధర్మముతో దానిని పెంచిరి. ఆ కాలమున దొరకిన మందు చాల్‌మూగ్రా నూనె సూదులు మాత్రమే. ఆ దొరసానిగారు 1932వ సంవత్సరమున పరమపదించిరి. 1940 తరువాత సల్ఫోను మందులును, 1982 నుండి అనేక మందులు కలిపి యిచ్చు చికిత్సయు వచ్చి, వ్యాధి పూర్తిగా కుదురునదైనది. మందు రోగక్రిమిని చంపును. ముడుచుకొన్న వ్రేలిని చాచదు. ఆ మిగిలిన పనికే బ్రాండుగారు పూనుకొనిరి.

ఒకసారి ఒక యువకునితో శస్త్రచికిత్సను గూర్చి మాటలాడుచు వారు అలవాటుగా అతని భుజముమీద చేయి వేసిరి. యువకుడు భోరున ఏడ్చెను. తప్పు మాటలాడితినేమోయని బ్రాండుగారు కలతపడగా, చాల సంవత్సరములుగా తన్ను ఎవ్వరును ముట్టలేదని ఆ యువకుడు చెప్పినట్లు ప్రక్కనున్నవారు వివరించిరి. మన ప్రభువు కుష్ఠరోగిని బాగుచేయుటకు ముందే చేయి చాపి ముట్టెనని సువార్తలో చదువునప్పుడెల్ల మాకీ సంగతి జ్ఞప్తికి వచ్చును.

వారికి భయము లేకుండెనా? ఉండెను. 1953వ సంవత్సరమున అమెరికాలోని నిపుణులను చూచి మరలుచు, జ్వరముతో ఓడ దిగి, రైలులో లండను చేరి, రాత్రి మేజోళ్లు విప్పుచుండగా ఒక మడమకు స్పర్శ లేదని కనిపెట్టిరి. సూదితో పొడిచి చూచిరి. రక్తము వచ్చెను, నొప్పి తెలియలేదు. ఎన్నో యేండ్లు రోగుల నడుమ పనిచేసినవారికి ఈ గుర్తునకు అర్థమేమో వేరొకరు చెప్పనక్కరలేదు. ఇక భార్యాబిడ్డలను ముట్టరాదు, కత్తి పట్టరాదు, ఈ రోగము సులభముగా నంటదని తాము చెప్పి ధైర్యపరచి పనికి చేర్చుకొన్న యువవైద్యులకు ఏమని ముఖము చూపవలెను? ఆ రాత్రి బట్టలు విప్పక మంచముమీద తెల్లవార్లు గడపిరి. ఉదయమున మరల సూది తీసి పొడువగా, నొప్పిచే కేకవేసిరి. జ్వరముతో రైలులో కదలక కూర్చుండుటచే కాలి తంతువు నొక్కుకొనిపోయి మొద్దుబారెను; అంతే. నొప్పినిచ్చినందులకు వారు దేవునికి స్తోత్రము చెల్లించిరి. రోగుల మనస్సు ఎట్టిదో ఆ యొక్క రాత్రి వారికి పూర్తిగా తెలిసెను.

తరువాతి కీర్తిని త్వరగా చెప్పుదుము. 1952వ సంవత్సరమున లండను శస్త్రవైద్యకళాశాలలో హంటేరియన్ ఉపన్యాసము నిచ్చిరి. 1955వ సంవత్సరమున రాయవేలూరికి సమీపమున కరిగిరిలో కుష్ఠు పరిశోధనాశ్రమము వెలసెను; అచ్చటికి నానాదేశములనుండి శస్త్రవైద్యులు వచ్చి ఈ విద్యను నేర్చుకొనిరి. 1960వ సంవత్సరమున లాస్కర్ బహుమానమును, మరుసటి యేట బ్రిటిషు ప్రభుత్వపు బిరుదమును పొందిరి. 1966వ సంవత్సరమున అమెరికాలో లూసియానా రాష్ట్రమునందలి కార్విల్ ఆసుపత్రికి పోయి ఇరువదియేండ్లు పనిచేసిరి. అచ్చట మధుమేహముచేత పాదముల స్పర్శ పోయినవారిని చూచి, రాయవేలూరిలో నేర్చిన పాఠమే వీరికిని వర్తించునని కనిపెట్టిరి. మన యిండ్లలో మధుమేహమున్న పెద్దలు ప్రతిరాత్రి పాదములను చూచుకొనవలెనని వైద్యులు నేడు చెప్పుచున్న మాటకు ఆ వడ్రంగశాలలోని సాయంకాలపు పరీక్షయే తోబుట్టువు.

తల్లి ఎవలిన్‌గారి మాట విడువరాదు. మిషను వారు ఉద్యోగవిరామము నిచ్చిన తరువాత ఆమె తన యిష్టముచొప్పున మరల కొండలకు పోయి, ముదిమిలో రెండు కర్రల యూతతో నడుచుచు పల్లెలను తిరిగి, 1974వ సంవత్సరమున తొంబదియైదేండ్ల ప్రాయమున గతించి, భర్త సమాధిచెంతనే కొల్లిమలలలో పూడ్చబడెను. బ్రాండుగారు చివరి దినములు సియాటిల్ నగరమున గడపి, ఇంటియొద్ద పడి తలకు దెబ్బ తగులుటచే 2003వ సంవత్సరము జూలై 8వ తేదీన, తొమ్మిది దినములలో ఎనుబదితొమ్మిదేండ్లు నిండవలసియుండగా ప్రభువునందు నిద్రించిరి.

మన బాలుని సంగతి అడుగుదురేమో. ఈ చరిత్రమును తరగతిలో చెప్పిన దినమున వాడు ముందు బెంచీలోనే కూర్చుండి, బద్దకట్టిన వ్రేలిని రెండవచేతితో పట్టుకొని వినెను. అయిదవ వారమున ఈగ కుట్టినదని బద్దను విప్పుకొని, మరల లెక్క మొదటినుండి పెట్టించుకొనెను. ఆటలపోటీలకు బంతి ముట్టక, పరుగుల లెక్క వ్రాయు పని తీసికొనెను, అదియు ఎడమచేతితో. ఇప్పుడా వ్రేలు ఇంచుమించు తిన్నగా నున్నది. కొన ఇంకను వెంట్రుకవాసి వ్రాలియుండుట వాని తల్లికిని మాకును తప్ప మరియెవ్వరికిని కనబడదు.